ఒమూర్జాక్ అడిగిన తాడు

తోన్ లోయలో ఈనాడు ఎవరిని అడిగినా చెప్పే మాట ఒకటుంది. గొర్రెల కాపరి ఒమూర్జాక్ కళ్ళు మూసుకుని మనిషి గుండె లోపలికి చూడగలడట. బిష్కెక్‌లోని యంత్రాలకూ వైద్యులకూ కనిపించని అడ్డాన్ని తన మనవరాలి గుండెలో ఆయన వేలితో తాకి కనిపెట్టాడట. పాలు పోసి, మంత్రం చదివి, అదెక్కడుందో వైద్యులకు చూపించాడట. వాళ్ళు దాన్ని కోసి తీసేశారట, పిల్ల బతికిందట.

వేసవిలో ఆయన కొండమీద గుడారం వేసుకున్న చోటికి జనం జబ్బు పిల్లల్ని ఎత్తుకుని వెళుతున్నారని విన్నాను. ఆయన వాళ్ళకు టీ పోసి, రొట్టె పెట్టి, బిష్కెక్ ఆసుపత్రికి పొమ్మని తిట్టి పంపుతాడట. ఆ తిట్టు కూడా మహిమలో భాగమేనని వాళ్ళు నమ్ముతున్నారు.

ఈ కథలో పిల్ల బతికిందన్న మాట నిజం. మిగిలినదాంట్లో కొంత నిజం, కొంత నిజానికి చుట్టంలాంటిది. జరిగింది నా కళ్ళ ముందు, నా పొరపాటు వల్ల. అందుచేత చెప్పవలసిన బాధ్యత నామీద ఉంది.

నేను ముప్పై నాలుగేళ్ళు కొలత పరికరాల కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేశాను. ఉద్యోగం విరమించాక, పిల్లల గుండె ఆసుపత్రికి ఎవరో విరాళంగా ఇచ్చిన ప్రింటరును నడపడానికి మనిషి దొరకక నన్ను పిలిచారు. అది కాగితం మీద అచ్చువేసేది కాదు. కరిగించిన ప్లాస్టిక్‌ను వెంట్రుక మందాన పొరమీద పొరగా పేర్చి వస్తువును నిలబెట్టేది. దానితో నేను చేసేది గుండెలు. పిల్ల నరంలోకి ఒక మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. ఆ మందు కలిసిన నెత్తురు తెరమీద తెల్లగా మెరుస్తుంది, కండ నల్లగా ఉంటుంది. బ్రెడ్డు ముక్కల్లా వందల కొద్దీ పలచని అడ్డుకోతలుగా ఆ బొమ్మలు వస్తాయి. ఒక్కొక్క కోతలో ఎక్కడ నెత్తురుందో, ఎక్కడ గోడ ఉందో గీత గీసి యంత్రానికి చెప్పాలి. చివరికి ఆ పిల్ల గుండె, అసలు ఎంత ఉందో అంతే పరిమాణంలో, లోపల బోలుగా, రెండు ముక్కలుగా విప్పి చూసుకునేలా, శస్త్రవైద్యుల చేతికి వస్తుంది. ఛాతీ తెరవకముందే వాళ్ళు ఆ దారులన్నీ వేలితో తడిమి చూసుకుంటారు.

ఒమూర్జాక్ మనవరాలు ఐజార్కిన్‌కు నాలుగేళ్ళు. ఒంటికంతటికీ నెత్తురు పంపే పెద్ద నాళం ఎడమ గది నుంచి బయలుదేరాలి. ఆమెకు అది పుట్టుకతోనే కుడి గది నుంచి బయలుదేరింది. రెండు గదుల మధ్య గోడకు ఒక రంధ్రం ఉండబట్టి ఇంతకాలం నెట్టుకొచ్చింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టుండేవి. నెత్తురులో ప్రాణవాయువు వందకు డెబ్భై ఒకటే. ఆ రంధ్రం నుంచి పెద్ద నాళం నోటిదాకా, గుండె లోపలే, గుడ్డతో ఒక సొరంగం కుట్టాలన్నది శస్త్రవైద్యురాలు బురుల్ కదిరోవ్నా ఆలోచన. ఆపరేషన్ గురువారం. శుక్రవారం ఆవిడ నెల్లాళ్ళ పనిమీద ఓష్ నగరానికి వెళ్ళాలి. ఐజార్కిన్ నెల్లాళ్ళు ఆగే స్థితిలో లేదు. కాబట్టి గురువారం తప్పితే ఇంకో రోజు లేదు.

సోమవారం ఉదయం బురుల్ కదిరోవ్నా గదిలో ఐదుగురు పెద్దవాళ్ళం కూర్చున్నాం. ఆవిడ, స్కాన్ విభాగంలోని యువ వైద్యుడు మిర్లాన్, నేను, పిల్ల తల్లి సైరా, సైరా తండ్రి ఒమూర్జాక్. ఐజార్కిన్ తాత ఒడిలో ఉంది. ఆయన తెల్లని కంబళి టోపీ బల్లమీద పెట్టలేదు, మోకాలికి తొడిగి కూర్చున్నాడు.

నా ముప్పై తొమ్మిదో గుండెను బురుల్ కదిరోవ్నా చేతిలోకి తీసుకుని, విప్పి, రంధ్రం ఎక్కడుందో, సొరంగం ఎటు పోతుందో ఓపికగా చెప్పింది. ముసలాయన అంతా విన్నాడు.

“తల్లీ, నేను ముట్టుకోవచ్చా?” అన్నాడు.

“ముట్టుకోడానికే చేశాం, అక్సకాల్.” పెద్ద వయసు మగవాళ్ళను మేం గౌరవంగా అలా పిలుస్తాం.

“అయితే చేతులు కడుక్కోవాలి. నీళ్ళెక్కడ?”

మూల ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. విప్పి ఉన్న ముక్కల్ని మళ్ళీ కలిపేశాడు. పెద్ద నాళం నోట్లోంచి చిటికెన వేలు లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. తోన్ లోయలో చెప్పుకునే మూసిన కళ్ళు ఇవే. చూపు అందని చోట వేలితో వెతికే ప్రతి మనిషీ కళ్ళు మూసుకుంటాడు, లేదా పైకప్పు వంక చూస్తాడు. జేబులో తాళంచెవి కోసం తడుముకునేవాణ్ణి ఎవరినైనా గమనించండి.

వేలు కాసేపు తిప్పి కళ్ళు తెరిచాడు.

“తాడేది?”

“ఏ తాడు?” అంది బురుల్ కదిరోవ్నా.

“కుడి గదిలో తాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఉంటుంది కదా. ఇందులో లేదే.”

మిర్లాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “అక్సకాల్, ఇది మనిషి గుండె. గొర్రెది కాదు.”

“నువ్వెప్పుడైనా గొర్రెని కోశావా బాబూ?”

“నేను బిష్కెక్‌లో పుట్టానండి.”

“ఎక్కడ పుట్టావని అడగలేదు. కోశావా అని అడిగా.”

“లేదు.”

“ఏడు తరాల తాతల పేర్లయినా వచ్చా?” మాలో ప్రతివాడికీ అవి నోటికి రావాలంటారు.

“ఐదు వచ్చు.”

“సరే. ఆ మిగతా రెండూ మీ నాన్ననడుగు. తాడు సంగతి నన్నడుగు.”

సైరా సిగ్గుతో తలవంచుకుంది. “నాన్నా, డాక్టరమ్మ టైము తినేస్తున్నావ్.”

“తినేది నేను కాదు, వీళ్ళు చెప్పనిస్తే ఒక్క మాటలో చెప్తా.” ఆయన బురుల్ కదిరోవ్నా వైపు తిరిగాడు. “తల్లీ, మా తోన్‌లో విందులకి ఊపిరితిత్తుల్లో పాలు నింపి వండేది నేనే. నలభై ఏళ్ళుగా నేనే. ఊపిరితిత్తులూ గుండే విడదీయకుండా ఒక్కటిగా తీస్తాం. నెత్తురంతా పోయి మంచులా తెల్లబడేదాకా నీళ్ళు పోసి కడగాలి. చుక్క మిగిలినా పాల రంగు మారుతుంది, ఇక ఆ ఇంటాయన జీవితాంతం మాట్లాడడు. గడ్డ ఎక్కడ దాక్కుంటుందో తెలుసా? కుడి గదిలో. తాడుకి చుట్టుకుని ఉండిపోతుంది. వేలు పెట్టి తియ్యాలి. గొర్రెకుంది తాడు. మేకకుంది, గుర్రానికుంది, జడల బర్రెకుంది. నా మనవరాలికి ఎందుకు లేదు?”

“మనిషికీ ఉంటుంది, అక్సకాల్,” అంది ఆవిడ. “మీరు చెప్పింది తప్పు కాదు. కానీ మనలో అది సన్నటి కండ. పిల్లల స్కాన్‌లో అంత సన్నవి సరిగా కనిపించవు. ఈ ఆపరేషన్‌కి దాంతో పని కూడా లేదు.”

“కనిపించకపోతే కనిపించలేదని చెప్పాలి. లేదని చేసి చూపిస్తే ఎలా?” ఆయన నావైపు చూశాడు. “ఇది చేసింది నువ్వేనా?”

“నేనే.”

“నెత్తురు కడగమంటే తాడు కూడా కడిగేశావ్. ఇంకేం కడిగేశావో నాకెలా తెలుస్తుంది?”

సైరా ముందు అంగీకార పత్రం ఉంది, చేతిలో కలం ఉంది. ఆమె తండ్రి ముఖంలోకి చూసింది.

“పెట్టకు,” అన్నాడాయన. “ముందు సరైన గుండె చేసి తీసుకురమ్మను.”

“అక్సకాల్, నాకు గురువారం ఒక్కటే ఉంది,” అంది బురుల్ కదిరోవ్నా. ఆవిడ గొంతు పెంచలేదు, కానీ ఆవిడతో పనిచేసినవాళ్ళం అందరం కుర్చీల్లో సర్దుకున్నాం. “శుక్రవారం నేను ఊళ్ళో ఉండను. ఈ పిల్లకి నెల రోజుల ఊపిరి లేదు.”

“నేనూ మూడొందల గొర్రెలు ఈనే రోజుల్లో పక్కవాడికి అప్పగించి వచ్చా. తొందర నాకూ ఉంది తల్లీ. తొందరుందని తప్పు బొమ్మ చూసి లోపల కత్తి పెట్టొద్దు. గురువారం లోపల చెయ్యండి. చేస్తే నేనే దగ్గరుండి రాయిస్తా.”

నేను నా గదికి వచ్చాను. నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ముప్పై ఎనిమిది గుండెలు చేశాను, ఎవరూ ఏదీ లేదని అనలేదు. మిర్లాన్ వెనకే వచ్చాడు. నన్ను అతను ‘బైకే’ అంటాడు, అన్నగారూ అన్నట్టు.

“బైకే, నిజంగానే గొర్రెలు కోసే ఆయన చెప్పాడని మళ్ళీ చూస్తారా?”

“ఆయన చెప్పింది తప్పని చూపించడానికి చూస్తాను.”

“అయితే నేనూ కూర్చుంటా. తప్పు అని తేలితే ఆ మిగతా రెండు పేర్లూ ఆయన్నే అడుగుతా.”

స్కాన్‌లో కుడి గది నాకు ఎప్పుడూ ఇబ్బందే. మెరిసే మందు నరంలోంచి మొదట వచ్చిపడేది అక్కడికే. అది నెత్తురులో సమంగా కలవకముందే బొమ్మ తీయవలసి వస్తుంది. టీలో పాలు పోసిన మొదటి క్షణంలో తెల్ల చారలూ ఎర్ర చారలూ విడివిడిగా తిరుగుతుంటాయి కదా, అలాగే. అందుకని నేనొక నియమం పెట్టుకున్నాను. కుడి గది నెత్తురు మధ్య, మూడు మిల్లీమీటర్లలోపు వెడల్పు ఉన్న నల్ల చార ఏది కనిపించినా అది సరిగా కలవని మందు వల్ల ఏర్పడిందే, దాన్ని నెత్తురుగానే లెక్కించి పూడ్చేయాలి. ఆ నియమాన్ని నా నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను. దానివల్ల గుండెలు శుభ్రంగా, నున్నగా వచ్చేవి. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు.

ఇప్పుడు ఆ నియమాన్ని తీసేసి, పూడ్చకముందు బొమ్మలు తెరిచాను. కుడి గదిలో నల్ల చారలు చాలా ఉన్నాయి. అవి మందు చారలా, కండా? చూస్తే తెలియదు. కానీ తెలుసుకునే దారి ఒకటుంది. స్కాన్ ఒక్క బొమ్మతో ఆగదు. గుండె ఒక్కసారి కొట్టుకునే వ్యవధిలోనే పది బొమ్మలు తీస్తుంది. మందు చార అయితే నెత్తురుతో పాటు కదిలి, చెదిరి, ఒక బొమ్మలో ఉన్నచోట మరొక బొమ్మలో ఉండదు. కండ అయితే రెండు కొనలూ గోడకు అంటిపెట్టుకునే ఉంటుంది. గుండె ముడుచుకున్నప్పుడు పొట్టిదై లావెక్కుతుంది.

మొదటి బొమ్మ నుంచి పదో బొమ్మ దాకా ఒక్కొక్క చార వెంట వెళ్ళాం. ఒకటి చెదిరింది. రెండోది చెదిరింది. మిర్లాన్ ఈల వేయడం మొదలుపెట్టాడు. ఆరు చారలు అలా పోయాక ఈల ఆగింది. రెండు పోలేదు. కింద, గుండె కొన వైపు ఒక సన్నది ఉన్నచోటే ఉంది. దానికి పైన, రంధ్రానికీ పెద్ద నాళం నోటికీ సరిగ్గా మధ్య, ఏటవాలుగా ఉన్నది ఉన్నచోటే ఉండడమే కాదు, గుండె ముడుచుకున్నప్పుడల్లా లావెక్కుతోంది. అది ఏటవాలుగా ఉండడం చేత ఒక్కొక్క కోతలో దాని పలచని తునక మాత్రమే పడి, మూడు మిల్లీమీటర్ల లోపలే కనిపించింది. అన్ని తునకలనూ కలిపి కొలిస్తే ఐదున్నర మిల్లీమీటర్ల మందం. నాలుగేళ్ళ పిల్ల గుండెలో అది తాడు కాదు, దూలం. సొరంగం కుట్టాలనుకున్న దారికి అడ్డంగా ఉంది. నేను దాన్ని పూడ్చి, నున్నగా చేసి, చేతికిచ్చాను.

“బైకే,” అన్నాడు మిర్లాన్.

నేను నోటుపుస్తకం తీసుకుని బురుల్ కదిరోవ్నా దగ్గరికి వెళ్ళాను. మొదటి పేజీ చూపించి, నియమం ఏమిటో, అది ఏం చేసిందో చెప్పాను. ఆవిడ ఆ పేజీని రెండుసార్లు చదివింది.

“గుండె ఆపి, తెరిచి, అప్పుడు దీన్ని చూసి ఉండేదాన్ని,” అంది. “కొలిచి కత్తిరించి పెట్టుకున్న గుడ్డ పనికిరాదు. మళ్ళీ కొలవాలి, మళ్ళీ కత్తిరించాలి. గుండె ఆగి ఉండగా.” తర్వాత తలెత్తింది. “ముందు చేసిన ముప్పై ఎనిమిదీ?”

“అన్నీ మళ్ళీ తెరుస్తాను. ఒక్కటీ వదలను.”

“అది తర్వాత. ముందు ఇది. బుధవారం పొద్దున తొమ్మిదింటికి నా బల్లమీద గుండె ఉండాలి.”

“ఉంటుంది.”

“నున్నగా వద్దు నాకు. ఉన్నది ఉన్నట్టు కావాలి.”

యంత్రానికి పంతొమ్మిది గంటలు కావాలి. అంటే మంగళవారం మధ్యాహ్నం రెండింటికల్లా గీతలన్నీ పూర్తి కావాలి. రెండువందల పద్నాలుగు కోతలు. మంగళవారం ఉదయం ఆరున్నరకే నేనూ మిర్లాన్ రెండు తెరల ముందు, ఒకరికొకరు వీపు తిప్పుకుని కూర్చున్నాం. ఆ ఏర్పాటు కావాలనే చేశాను. ఇద్దరం అవే కోతల మీద, ఒకరి గీత ఒకరు చూడకుండా, చేత్తో గీశాం. తర్వాత ఒకదానిమీద ఒకటి పరిచి చూశాం. గీతలు కలిసిన చోట ఉంచాం. కలవని చోట పది బొమ్మలూ మళ్ళీ తిప్పి వాదించుకున్నాం. పూడ్చడానికి ఏ నియమమూ పెట్టుకోలేదు.

“ఇక్కడ మీరు మళ్ళీ నున్న చేశారు బైకే.”

“ఏది?”

“నూట ముప్పై ఏడు. మీ చెయ్యి దానంతటదే చేసేస్తోంది.”

“మూడేళ్ళ అలవాటు. చెరిపెయ్.”

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు యంత్రం మొదలైంది. భోజనం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిర్లాన్ రొట్టె, ఎండబెట్టిన పెరుగుండలు పట్టుకొచ్చాడు. తింటూ వాళ్ళ నాన్నకు ఫోను చేసి, ఆరో తాత పేరూ ఏడో తాత పేరూ అడిగి అరచేతి మీద రాసుకున్నాడు.

బుధవారం తొమ్మిదికి పది నిమిషాల ముందు నలభయ్యో గుండెను బల్లమీద పెట్టాను. గరుకుగా, ముడతలతో, మునుపటి వాటిలా అందంగా లేని గుండె. లోపల రెండు కండలూ ఉన్నాయి.

ఒమూర్జాక్ మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. వేలు లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. వేలు చివరిదాకా పోయింది. ఆయన ముఖం విచ్చుకుంది.

“ఇదిగో. ఇదీ తాడంటే.” మిర్లాన్ వైపు చూశాడు. “ఏం బాబూ?”

మిర్లాన్ అరచెయ్యి చాపి ఏడు పేర్లూ చదివాడు. ముసలాయన ఒక్కొక్క పేరుకూ తలూపి, “నాలుగో ఆయనది తలాస్ వైపు. వాళ్ళూ గొర్రెలోళ్ళే. నువ్వే చెడ్డావ్,” అన్నాడు. ఐజార్కిన్ కిలకిలా నవ్వి, నవ్వినందుకు ఆయాసపడి, తాత భుజం మీద వాలిపోయింది. ఆయన చెయ్యి ఆమె వీపుమీదికి వెళ్ళింది. ఊపిరి సర్దుకునేదాకా అక్కడే ఉంది.

“పాలున్నాయా?” అన్నాడాయన.

“నాన్నా, ఇది ఆసుపత్రి,” అంది సైరా.

“పిల్ల సీసాలో ఉన్నాయి కదా, ఇటివ్వు. కడిగిన గుండెని పాలు పోసి చూడకుండా నేనెప్పుడూ చేతులు దులుపుకోలేదు. కారితే కారుతుంది, తుడుస్తా.”

‘బిస్మిల్లా’ అని సీసా వంచాడు. జనం చెప్పుకునే మంత్రం ఇదే. గొర్రెను కోసేటప్పుడూ, బండి ఎక్కేటప్పుడూ, అన్నం ముందు కూర్చునేటప్పుడూ ఆయన అనే మాట, మాలో చాలామంది అలవాటుగా అనే మాట.

“తాతా, నా గుండెకి పాలు తాగిస్తున్నావా?” అంది ఐజార్కిన్.

“ఆఁ. ముందు అది తాగాలి, తర్వాత నువ్వు.”

పెద్ద నాళం నోట్లో పోసిన పాలు లోపలికి జారి, పై కండ దగ్గర ఆగిపోయాయి. నోటిదాకా వెనక్కి ఉబికి, బల్లమీద కారాయి. రంధ్రం వైపు నుంచి సన్నటి ధార ఒక్కటే వచ్చింది. సైరా చేతిగుడ్డతో తుడవబోయింది.

“తుడవకమ్మా. ఆగు,” అంది బురుల్ కదిరోవ్నా. ఆవిడ కుర్చీలోంచి లేచింది. “ఇంకోసారి పొయ్యండి, అక్సకాల్. నెమ్మదిగా.”

ఆయన పోశాడు. మూడోసారి ఆవిడే పోసుకుంది. తర్వాత గుండెను కుళాయి కింద కడిగి, విప్పి, మొదట అనుకున్న కొలతకు కత్తిరించిన గుడ్డముక్కను లోపల ఆనించి చూసింది. గుడ్డ ఆ కండ మీద మడతపడింది. ఆవిడ చిన్న కత్తి తీసుకుని ప్లాస్టిక్ కండను రెండు కొనల దగ్గరా కోసి బయటికి తీసింది. గుడ్డను ఇంకొంచెం వెడల్పుగా కత్తిరించి మళ్ళీ ఆనించింది. ఈసారి అది సొరంగంలా నిలిచింది. గుండెను ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో సూది ఎక్కడ దిగాలో, ఎన్ని కుట్లు పడతాయో, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. ఆవిడ తల ఎత్తేసరికి మా ముందు పెట్టిన టీలు చల్లారిపోయాయి.

“రేపు తొమ్మిదింటికి,” అంది.

ఒమూర్జాక్ కూతురి వైపు తిరిగి, “రాయి,” అన్నాడు. సైరా సంతకం పెట్టింది.

గురువారం గురించి నేను చూసింది తక్కువ. ఆపరేషన్ గది బయట గోడవారగా ఉన్న బెంచీ మీద నాలుగున్నర గంటలు కూర్చున్నాం. ఒమూర్జాక్ టోపీని మోకాలికి తొడిగి, తీసి, మళ్ళీ తొడుగుతూ కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, “నీ యంత్రం గొర్రె గుండె కూడా చేస్తుందా?” అని అడిగాడు. చేస్తుందన్నాను. “వద్దులే, మా దగ్గర చాలా ఉన్నాయి,” అన్నాడు.

గుండె ఆగి ఉన్నది అరవై ఎనిమిది నిమిషాలు. లోపలికి వెళ్ళాక కొలుచుకోవలసి వచ్చి ఉంటే ఇంకో నలభై నిమిషాలు పట్టేదనీ, ఆ నలభై నిమిషాలూ ఆ పిల్ల గుండెకు లేవనీ బురుల్ కదిరోవ్నా బయటికి వచ్చి, గోడకు ఆనుకుని చెప్పింది. సైరా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

పిల్లను చూడనిచ్చినప్పుడు ముసలాయన ఆమె ముఖం చూడలేదు. దుప్పటి అంచు తీసి చేతివేళ్ళు పైకెత్తి, గోళ్ళను వెలుతురు వైపు తిప్పి చూశాడు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల చిగుళ్ళను చూసే పద్ధతి అది. గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. మర్నాడు ఉదయం మొదటి బండికే తోన్ వెళ్ళిపోయాడు. అక్కడ గొర్రెలు ఈనుతున్నాయి.

ముప్పై ఎనిమిది గుండెల స్కాన్‌లూ నేనూ మిర్లాన్ ఏడు వారాల్లో మళ్ళీ తెరిచి చూశాం. నా నియమం పదకొండు గుండెల్లో సన్నటి కండల్ని పూడ్చేసింది. అదృష్టవశాత్తూ వాటిలో ఏదీ దారికి అడ్డం లేదు. అదృష్టవశాత్తూ అని రాయవలసి రావడం నాకు ఇష్టం లేదు, కానీ సరైన మాట అదే. పదకొండు పేర్లూ బురుల్ కదిరోవ్నాకు ఇచ్చాను. నోటుపుస్తకంలో మొదటి పేజీని చింపలేదు, అడ్డంగా గీత కొట్టి తేదీ వేశాను.

ఆగస్టులో ఐజార్కిన్‌ను పరీక్షకు తీసుకొచ్చినప్పుడు ఒమూర్జాక్ కూడా వచ్చాడు. కొండమీద తన గుడారానికి జనం వస్తున్నారని విసుక్కున్నాడు. “చెప్తే వినరు. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు,” అన్నాడు. నేను నలభయ్యో గుండెను తీసి, బురుల్ కదిరోవ్నా కోసిన కండను దాని చోట అతికించి, ఆయన చేతికిచ్చాను. ఆ రోజు వేలికి తగిలిన తాడును మళ్ళీ చూపించమన్నాను.

ఆయన వేలు పై కండను దాటుకుని, ఏమాత్రం ఆగకుండా, కిందికి పోయి, గుండె కొన దగ్గరున్న సన్నటి కండ మీద ఆగింది.

“దారిలో లావుగా తగిలింది కదా, అదేమిటి?” అని అడిగాను.

“అదా? గోడ అనుకున్నా,” అన్నాడు.

ఆయన అడిగిన తాడు మనుషులందరి గుండెల్లోనూ ఉండేదే. ఐజార్కిన్ గుండెలో దాన్ని ఎవరూ కోయలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది. కోసి తీసింది పై కండను. దాని గురించి ఒమూర్జాక్ సోమవారం గానీ బుధవారం గానీ ఒక్క మాట కూడా అనలేదు. అది దొరికింది ఆయన తాడు కోసం మేం మళ్ళీ తెరిచి చూడబట్టి.